విక్టరీ స్క్వేర్: ఇన్ని టెలిస్క్రీన్ల మధ్య ఆ ఇద్దరూ అక్కడే ఎందుకు కలిశారు?

గోదారిగట్టు

ఆర్వెల్ ‘నైన్టీన్ ఎయిటీ ఫోర్’ మళ్ళీ చదువుతున్నాను. పార్టీ అనే ఒకే ప్రభుత్వం ప్రతి మనిషినీ కనిపెట్టి ఉండే ఊహాలోకం కథ ఇది. ఈ నవల అనగానే అందరూ 101వ నంబరు గది గురించో, ఎలుకల గురించో మాట్లాడతారు. ఈసారి నన్ను మాత్రం విక్టరీ స్క్వేర్ పట్టుకుని వదలడం లేదు. లండన్ నడిబొడ్డున పెద్ద చౌక్. మధ్యలో నిలువు గాడులు చెక్కిన ఎత్తైన స్తంభం, దాని మీద పార్టీ అధినేత బిగ్ బ్రదర్ విగ్రహం, చుట్టూ టెలిస్క్రీన్లు, అంటే మనుషులను చూస్తూ వింటూ ఉండే తెరలు.

ప్రేమిస్తున్నానని జూలియా రాసిన చీటీ అందాక, ఆమెతో మాట కలపడానికి పార్టీలో చిన్న ఉద్యోగి అయిన విన్‌స్టన్‌కి వారం పడుతుంది. చివరికి ఆఫీసు క్యాంటీన్‌లో, నీళ్ళలాంటి బీన్స్ సూప్ తాగుతూ, తలెత్తకుండా నాలుగు ముక్కలు మాట్లాడుకుంటారు. ఎక్కడ కలుద్దాం అంటే ఆమె విక్టరీ స్క్వేర్ అంటుంది. అక్కడ నిండా టెలిస్క్రీన్లే కదా అని అతని భయం. జనం ఉంటే ఏమీ కాదంటుంది ఆమె. జనంలో కనిపించేదాకా దగ్గరికి రావద్దు, నా వైపు చూడొద్దు, పక్కన ఉంటే చాలు అని చెబుతుంది.

నాకు అర్థమైనంతలో, ఈ ప్రభుత్వానికి జనం గుంపుగా కావాలి. ఊరేగింపులకు, సభలకు, శత్రువును తిట్టిపోసే ద్వేష వారోత్సవానికి గుంపు లేకపోతే పని జరగదు. అందుకే అంత పెద్ద చౌక్ ఉంచుకున్నారు. కానీ గుంపు అన్నాక మొహాలు కలిసిపోతాయి. ఒంటరిగా గదిలో కూర్చున్నవాడి కనుబొమ్మ కదిలినా పట్టేసే యంత్రం, వేలమంది భుజం భుజం రాసుకుంటుంటే ఎవరి చెయ్యి ఎవరి చేతిలో ఉందో చూడలేదు. వాళ్ళ బలం కోసం కట్టుకున్న చోటే వాళ్ళకు లోపం అయింది. మీరంతా ఏమంటారు?

చదువరి_గుంటూరు

బాగా ఎత్తుకున్నారండీ. ఆ సన్నివేశాన్ని కాస్త నిదానంగా చూస్తే ఇంకా చాలా ఉంది.

విన్‌స్టన్ చెప్పిన టైమ్ కంటే ముందే వస్తాడు. స్తంభం చుట్టూ తిరుగుతాడు. జూలియా స్తంభం మొదట్లో నిలబడి, దాని చుట్టూ మెలికలు తిరుగుతూ పైకి పోయే పోస్టర్ చదువుతున్నట్టు కనిపిస్తుంది. జనం ఇంకా పోగవలేదు కాబట్టి దగ్గరికి వెళ్ళడు. ఇంతలో ఎడమ వైపు నుంచి కేకలు, బరువైన బండ్ల చప్పుడు. యుద్ధంలో దొరికిన శత్రుదేశం యూరేషియా ఖైదీలను ట్రక్కుల్లో తీసుకెళ్తున్నారు. అందరూ చౌక్‌కి అడ్డంగా పరుగు. ఆమె స్తంభం మొదట్లో ఉన్న సింహాల బొమ్మల పక్కనుంచి గబగబా తప్పుకుని ఆ పరుగులో కలిసిపోతుంది. అతను మామూలుగా గుంపుకి దూరంగా ఉండే మనిషి. ఆ రోజు మాత్రం తోసుకుంటూ పోతాడు. ఒక భారీ మనిషి, దాదాపు అంతే భారీగా ఉన్న అతని భార్య గోడలా అడ్డం ఉంటే మధ్యలో దూరి మరీ ఆమె పక్కకు చేరతాడు.

ఆ తర్వాత ఆమె చేసే పని చూడండి. పెదాలు కదలకుండా, సైనికులకు దారి చెప్పినంత స్పష్టంగా రూటంతా చెబుతుంది. పాడింగ్టన్ స్టేషన్‌లో రైలు, అరగంట ప్రయాణం, దిగాక ఎడమకు, రోడ్డు వెంట రెండు కిలోమీటర్లు, పై కమ్మీ లేని గేటు, పొలంలో బాట, గడ్డి మొలిచిన సందు, పొదల మధ్య దారి, నాచు పట్టిన ఎండుచెట్టు. ఎదురుగా కాళ్ళకు సంకెళ్ళు వేసిన ఖైదీలు పోతున్నారు. మెషిన్ గన్లు పట్టుకున్న కాపలావాళ్ళున్నారు. ఈమె పొలాల దారి చెబుతోంది.

చివర్లో చేతులు కలుస్తాయి, కొన్ని క్షణాలే. ఆ కాసేపట్లోనే ఆమె చేతి వేళ్ళు, గోళ్ళు, పని చేసి కాయలు కాసిన అరచెయ్యి, మణికట్టు దగ్గరి నునుపు అన్నీ తడిమి తెలుసుకుంటాడు. కళ్ళ రంగు మాత్రం తెలియదు, ఎందుకంటే తల తిప్పకూడదు. ఆమె కళ్ళకు బదులు, ఆఖరి ట్రక్కులో నిలబడ్డ ముసలి ఖైదీ కళ్ళు అతన్ని దిగులుగా చూస్తుంటాయి. నాకు ఈ నవలలో ఇంతకంటే గొప్ప ప్రేమ సన్నివేశం లేదు. ఆ తర్వాత వాళ్ళు అడవిలో కలిసే సన్నివేశం కూడా నాకు దీని తర్వాతే.

థేమ్స్_ఒడ్డున

లండన్‌లో ఉంటున్నాను కాబట్టి స్థలం గురించి చెబుతాను. విక్టరీ స్క్వేర్ అంటే ట్రఫాల్గర్ స్క్వేరే. ఆర్వెల్ ఎక్కడా ఆ పేరు చెప్పకపోయినా ఆనవాళ్ళన్నీ అలాగే వదిలాడు.

గాడులు చెక్కిన ఆ స్తంభం నెల్సన్ కాలమ్. 1840 దశకం మొదట్లో కట్టారు, ఎత్తు దాదాపు 52 మీటర్లు. పైన అడ్మిరల్ నెల్సన్ దక్షిణం వైపు చూస్తుంటాడు. నవలలో బిగ్ బ్రదర్ కూడా దక్షిణం వైపే, తాను శత్రు విమానాలను ఓడించిన ఆకాశం వైపు చూస్తుంటాడు. స్తంభం అదే, దిక్కు అదే, మనిషి మారాడు. ఆ శత్రు విమానాలు కూడా, పార్టీ చెప్పేదాన్ని బట్టి, కొన్నేళ్ళ కిందట ఈస్టేషియా అనే ఇంకో దేశానివి, ఇప్పుడు యూరేషియావి. గుంటూరు గారు చెప్పిన సింహాలు 1867లో పెట్టిన కంచు సింహాలు. వాటిని పార్టీ ముట్టుకోలేదు. సింహం ఎవరికైనా పనికొస్తుంది.

నవలలో ఉత్తరం వైపు చర్చి ఉంది చూశారా, అది సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్, 1726లో పూర్తయింది. చౌక్‌కి ఈశాన్య మూలన ఇప్పటికీ నిలబడి ఉంది. నవలలో దాన్ని ప్రచార మ్యూజియం చేశారు. రాకెట్ బాంబుల నమూనాలు, శత్రువుల అకృత్యాలంటూ మైనపు బొమ్మలు. గంటలు లేవు. ఆ చర్చి గంటల మీద ఒకప్పుడు పిల్లల పాట ఉండేదని విన్‌స్టన్‌కి తెలుసు, అది ఏ చర్చో తనంతట తాను గుర్తు పట్టగలిగినందుకు కాస్త సంబరపడతాడు. గతాన్ని మొత్తంగా చెరిపేసిన ఊళ్ళో ఒక గోడను పేరు పెట్టి గుర్తు పట్టడమే ఆ మనిషికి మిగిలిన ఆస్తి.

ఇంకో సంగతి. నిజం ట్రఫాల్గర్ స్క్వేర్‌లో కూడా జనమంటే పాలకులకు మొదటి నుంచీ టెన్షనే. 1845లో ఫౌంటెన్లు పెట్టినప్పుడు, అల్లరి మూకలు పోగయ్యే జాగా తగ్గుతుందనే ఆలోచన కూడా అందులో ఉంది. 1887 నవంబరు 13న ఇక్కడికి రాబోయిన నిరసనకారుల మీద పోలీసులు, సైన్యం విరుచుకుపడ్డారు. ఆ రోజును బ్లడీ సండే అంటారు. ఇప్పుడు కూడా ఇక్కడ సభ పెట్టాలంటే మేయర్ ఆఫీసు అనుమతి కావాలి.

మలుపు_దగ్గర

స్తంభం ముందు వీధిలో గుర్రం మీద ఉన్న విగ్రహం, రాజు మీద తిరగబడిన క్రాంవెల్‌ది అని ఆర్వెల్ రాశాడు కదా. ట్రఫాల్గర్ స్క్వేర్‌లో క్రాంవెల్ ఉన్నాడా?

థేమ్స్_ఒడ్డున

లేడండీ. అక్కడ ఉన్నది మొదటి చార్లెస్ రాజు. 1633 నాటి కంచు విగ్రహం. అంతర్యుద్ధం తర్వాత దాన్ని కరిగించమని ఒక కంచరికి అమ్మితే, అతను కరిగించకుండా దాచాడు. రాచరికం తిరిగొచ్చాక మళ్ళీ నిలబెట్టారు. ఇప్పుడది వైట్‌హాల్ వైపు చూస్తుంటుంది. 1649 జనవరి 30న ఆయన తల తీసింది ఆ దారిలోనే, బ్యాంక్వెటింగ్ హౌస్ ముందు.

ఆర్వెల్ రాసిన తీరు చూడండి, క్రాంవెల్‌ది అని చెప్పుకునే విగ్రహం అన్నట్టు రాశాడు. అంటే విగ్రహం అదే రాజుది అయ్యుండొచ్చు, కింద పేరు మాత్రం ఆయన తల తీయించినవాడిది. ఇది నా ఊహే, కానీ ఆ ఊళ్ళో చరిత్రను మార్చే పద్ధతికి సరిగ్గా సరిపోతుంది.

మలుపు_దగ్గర

అమ్మో. రాజు విగ్రహానికే రాజును చంపినవాడి పేరు. ఈ కోణం ఎప్పుడూ తట్టలేదు.

రాయలసీమ_రాయి

గోదారిగట్టు గారూ, మీ మొదటి మాటతో నాకు పేచీ ఉంది. జనంలో వాళ్ళు దాక్కోగలిగారని ఎలా అంటారు?

మూడో భాగంలో, జైల్లో విన్‌స్టన్‌ని హింసించే పార్టీ పెద్ద ఓ’బ్రయన్ ఏమంటాడు? ఏడేళ్ళుగా విన్‌స్టన్‌ని గమనిస్తున్నామంటాడు. వాళ్ళు గమనించని పని లేదు, వినని మాట లేదు అని విన్‌స్టన్‌కి జైల్లో అర్థమవుతుంది. డైరీ మీద పెట్టిన దుమ్ము కణాన్ని కూడా జాగ్రత్తగా మళ్ళీ అక్కడే పెట్టారు. జూలియాతో ఉన్న ఫోటోలు కూడా వాళ్ళ దగ్గరున్నాయి. అలాంటప్పుడు విక్టరీ స్క్వేర్‌లో చెయ్యి పట్టుకోవడం ఒక్కటే కనిపించలేదా?

సరే, అది వదిలేయండి. నాకు అసలు విషయం వేరే చోట ఉంది. ద్వేష వారోత్సవం ఆరో రోజు. రాత్రి పూట, లండన్ నడిమధ్య ఒక స్క్వేర్‌లో ఫ్లడ్‌లైట్ల కింద వేల జనం. స్పైస్ అనే పార్టీ పిల్లల సంఘం యూనిఫాం వేసిన బడిపిల్లలే వెయ్యి మంది దాకా ఉన్నారు. ఎర్రగుడ్డ కట్టిన వేదిక మీద బట్టతల, పొడుగు చేతుల వక్త యూరేషియా మీద నిప్పులు కక్కుతున్నాడు. మధ్యలో ఒకడొచ్చి కాగితం ముక్క అందిస్తాడు. గొంతు మారదు, ఊపు మారదు, వాక్యం కూడా తెగదు. శత్రువు పేరు మాత్రం ఈస్టేషియా అయిపోతుంది. జనం ఒక్క క్షణం తబ్బిబ్బవుతారు. తర్వాత ఏమంటారు? మన బ్యానర్లన్నీ తప్పుగా ఉన్నాయి, ఇది పార్టీ ద్రోహి గోల్డ్‌స్టీన్ మనుషుల కుట్ర అని వాటిని పీకి చింపుతారు. పిల్లలు కప్పులెక్కి తోరణాలు కోస్తారు. రెండు మూడు నిమిషాల్లో అంతా సర్దుకుని మళ్ళీ అదే ద్వేషం.

ఆ గలాటాలోనే మొహం తెలియని మనిషి ఒకడు విన్‌స్టన్ భుజం తట్టి, మీ బ్రీఫ్‌కేస్ పడిపోయినట్టుంది అని చేతిలో పెట్టి పోతాడు. అందులో గోల్డ్‌స్టీన్ పుస్తకం ఉంది. గుంపు చాటున జరిగిందే ఇది కూడా. కానీ ఆ బ్రీఫ్‌కేస్ ఎవరు పంపారు? ఓ’బ్రయన్. అది ఎర. మీరు లోపం అంటున్న ఆ గుంపు చాటును పోలీసులు మనకంటే బాగా వాడుకున్నారు.

చదువరి_గుంటూరు

ఒక చిన్న మాట. ద్వేష వారోత్సవం సభ జరిగింది విక్టరీ స్క్వేర్‌లోనే అని రచయిత చెప్పలేదు. నడిమధ్య స్క్వేర్లలో ఒకటి అని మాత్రమే ఉంది. రాయి గారి వాదనకు దీనివల్ల వచ్చే తేడా ఏమీ లేదు, రికార్డు కోసం రాశాను.

గోదారిగట్టు

రాయి గారూ, బ్రీఫ్‌కేస్ సంగతి గట్టి దెబ్బే. కానీ రెండు గుంపులనీ ఒకే గాటన కట్టకండి, వాటి మధ్య తేడా చూడండి.

ట్రక్కులు వచ్చినప్పుడు పోగైన జనం ఎవరు? ఎవరూ పిలవకుండా వచ్చినవాళ్ళు. ఎక్కువ మంది ప్రోల్స్, అంటే పార్టీలో లేని మామూలు జనం. ఖైదీలను చూసి మొదట కొన్ని చీత్కారాలు వినిపిస్తాయి, అవి కూడా గుంపులో ఉన్న పార్టీ సభ్యుల నుంచి. కాసేపటికి అవీ ఆగిపోతాయి. మిగిలింది ఉట్టి కుతూహలం. విదేశీయులు వాళ్ళకు వింత జంతువుల్లాంటి వాళ్ళు, ఖైదీలుగా తప్ప ఎప్పుడూ కనపడరు. అందులో ప్రేమ లేదు, నిజమే. కానీ ద్వేషం కూడా లేదు. పక్కవాడు ఏం చేస్తున్నాడో వాళ్ళకు పట్టదు. ఆ భారీ దంపతులు అడ్డం ఉన్నారే గానీ కాపలా కాయలేదు.

సభలో జనం వేరు. వరసలు కట్టించి, యూనిఫాం వేయించి, ఆరు రోజుల పాటు పాటలతో, సినిమాలతో, కవాతులతో మరిగించి తెచ్చిన జనం. దానికి యజమాని ఉన్నాడు. తనంతట తాను చేరిన గుంపు వాళ్ళిద్దరికీ చాటిచ్చింది, పార్టీ పోగేసిన గుంపులో వాళ్ళకు ఎర అందింది. నాకు ఈ రెండూ కలిపి చూస్తేనే ఆ చౌక్ అర్థమవుతోంది.

ఇక పోలీసులకు ఆ సాయంత్రం తెలుసా లేదా అన్నది నవల తేల్చలేదు. చివర్లో అంతా తెలుసు అన్నది నిజం. కానీ చెయ్యి పట్టుకున్న ఆ కాసేపు ఎవరూ ఆపలేదు అన్నది కూడా నిజం. పై కమ్మీ లేని గేటు దాకా ఆదివారం వాళ్ళు వెళ్ళగలిగారు.

విశాఖ_మబ్బు

ఇక్కడ బుకారెస్ట్ గురించి చెప్పకుండా ఉండలేను.

1989 డిసెంబరు 21. రుమేనియాలో టిమిషోరా నగరంలో జనం మీద కాల్పులు జరిగాక, తనకు మద్దతు ఉందని చూపించడానికి నియంత చౌషెస్కూ రాజధాని బుకారెస్ట్‌లో భారీ సభ పెట్టించాడు. ప్యాలెస్ స్క్వేర్‌లో, పార్టీ కేంద్ర కమిటీ భవనం బాల్కనీ నుంచి ప్రసంగం. ఫ్యాక్టరీల నుంచి కార్మికులను పోగుచేసి తెచ్చారు. జెండాలు, ఫోటోలు అన్నీ చేతికిచ్చారు. మనదగ్గర లారీల్లో జనాన్ని తోలుకొస్తారే, అలాగన్నమాట. మాట్లాడుతుండగా గుంపులోంచి అరుపులు, ఈలలు మొదలయ్యాయి. ఆ ముసలాయన చెయ్యెత్తి అయోమయంగా ఆగిపోయిన దృశ్యం లైవ్‌లో పోయింది. ప్రసారం ఆపేశారు. మళ్ళీ మొదలుపెట్టి జీతాలు పెంచుతానన్నాడు. మర్నాడు అదే భవనం కప్పు మీద నుంచి హెలికాప్టర్‌లో పారిపోయాడు. 25న కాల్చి చంపారు.

అంటే గోదారిగట్టు గారూ, పోగేసిన గుంపు ఎప్పుడూ యజమాని మాటే వింటుందని కూడా లేదు.

రాయలసీమ_రాయి

మబ్బు అన్నా, ఇక్కడే ఆర్వెల్ ఊరు ఎంత భయంకరమో కనిపిస్తుంది. చౌషెస్కూ బాల్కనీ మీదికి రావాల్సి వచ్చింది. మనిషి కాబట్టి జనానికి కనపడ్డాడు, తడబడ్డాడు, తడబడ్డం అందరూ చూశారు. బిగ్ బ్రదర్ ఎప్పుడైనా విక్టరీ స్క్వేర్‌కి వచ్చాడా? నవల మొత్తంలో ఎక్కడా రాడు. విగ్రహం, పోస్టర్, తెర మీద మొహం, అంతే. ఆ మొహానికి వయసు రాదు, చావు రాదు. ఎవరిని చూసి ఈల వేస్తారు? స్తంభం మీద రాయిని చూసా? వేదిక మీద ఉన్నవాడు కూడా ఎవడో చిన్న వక్త, వాడు పోతే ఇంకొకడు.

నిజం నియంతల చౌక్‌లన్నిటికీ ఒక బాల్కనీయో, వేదికో, పరేడ్ చూసే గ్యాలరీయో ఉంటుంది. మాస్కో రెడ్ స్క్వేర్‌లో లెనిన్ సమాధి మీద నాయకులు వరసగా నిలబడేవాళ్ళు. తియానన్మెన్‌లో మావో 1949 అక్టోబరు 1న ద్వారం మీద నుంచి ప్రకటన చేశాడు. వాళ్ళు అక్కడ ఎవరి పక్కన ఎవరు నిలబడ్డారో చూసి, ఎవరికి పలుకుబడి తగ్గిందో ప్రపంచం లెక్కలు వేసేది. విక్టరీ స్క్వేర్ జనానికి ఆ అవకాశం కూడా లేదు.

చదువరి_గుంటూరు

దీనికి ఇంకో ఆధారం కలపొచ్చు. మనం లండన్‌ను రాజధాని అనుకుంటాం గానీ, గోల్డ్‌స్టీన్ పుస్తకం ప్రకారం కథ జరిగే దేశం ఓషియానియాకు రాజధానే లేదు. దాని అధినేత ఎక్కడుంటాడో ఎవరికీ తెలియదు. లండన్ ఎయిర్‌స్ట్రిప్ వన్‌కి (నవలలో బ్రిటన్ పేరు) ముఖ్య నగరం మాత్రమే. అందుకే ఆ చౌక్‌కి ఎదురుగా ప్యాలెస్ లేదు, పార్లమెంటు లేదు. నాలుగు మంత్రిత్వ శాఖల భవనాలున్నాయి, ఒక్కొక్కటి 300 మీటర్ల ఎత్తు, కానీ అవి ఊళ్ళో తలా ఒక చోట ఉన్నాయి. జనం వెళ్ళి ముట్టడించడానికి తలుపు ఏది?

హుస్సేన్‌సాగర్

హైదరాబాద్ నుంచి ఒక మాట. ఇందిరా పార్కు దగ్గరి ధర్నా చౌక్‌లో 2017లో నిరసనలకు అనుమతులు ఆపేసి, ఊరి శివార్లలో చేసుకోమన్నారు. 2018లో హైకోర్టు జోక్యం చేసుకున్నాక మళ్ళీ తెరుచుకుంది. గుంపంటే భయమున్న ప్రభుత్వం చేసే పని అది, జాగా ఇవ్వదు. విక్టరీ స్క్వేర్‌లో ఎవరైనా ఎప్పుడైనా తిరగొచ్చు, అడిగేవాడు లేడు. మూసేయాల్సిన అవసరమే పార్టీకి కనపడలేదు. జాగా ఉండి కూడా అందులో అడగాలనే ఆలోచన జనానికి రాని స్థితి మరీ దారుణం.

విశాఖ_మబ్బు

అవును. ప్రోల్స్‌కి కోపం వచ్చిన సందర్భం ఒకటుంది నవలలో. ఒక వీధిలో ఆడవాళ్ళ అరుపులు విని, తిరుగుబాటే మొదలైందని విన్‌స్టన్ గుండె ఎగిరిపడుతుంది. తీరా చూస్తే సంతలో రేకు గిన్నెలు అయిపోయాయని కొట్లాట. వందల గొంతుల్లో అంత బలం ఉండి, అసలు విషయం కోసం ఎందుకు అరవరు అని బాధపడతాడు. ఆ గొంతులు విక్టరీ స్క్వేర్‌కి రాలేదు.

మలుపు_దగ్గర

మరి విన్‌స్టన్, జూలియా మళ్ళీ ఆ స్క్వేర్‌లో కలిశారా? నాకు గుర్తు లేదు.

చదువరి_గుంటూరు

ఆ సాయంత్రమంత వివరంగా ఇంకెప్పుడూ రాదు. తర్వాత సాయంత్రాల్లో వేర్వేరు వీధుల్లో, జనంలో కాస్త వెనకా ముందూగా నడుస్తూ, యూనిఫాం కనిపిస్తే మాట ఆపేసి, మర్నాడు ఆపిన చోటి నుంచి అందుకుంటూ మాట్లాడుకునేవాళ్ళు. విడుదలయ్యాక కలిసింది మాత్రం పార్కులో. మార్చి నెల, కోసే చలి. అప్పుడు అతను ఆమె నడుం చుట్టూ చెయ్యి వేస్తాడు, అందరికీ కనపడేలాగే. దాక్కోవాల్సిన పని లేదు, ఎందుకంటే వాళ్ళను గమనించేవాడు లేడు. పట్టించుకోవాల్సింది వాళ్ళలో ఏమీ మిగల్లేదు. స్క్వేర్‌లో తల తిప్పి చూసుకునే వీలు కూడా లేని రోజున ఒకరికొకరు ఉన్నారు. పార్కులో ఎంత సేపైనా చూసుకోవచ్చు, చూసుకోవాలని లేదు.

గోదారిగట్టు

గుంటూరు గారూ, అక్కడి నుంచి ఆఖరి పేజీకి వెళ్తే నా ప్రశ్నకు మిగతా సగం దొరుకుతోంది. కేఫ్‌లో విన్‌స్టన్ ఒక్కడే కూర్చుని ఉంటాడు. టెలిస్క్రీన్ ఆఫ్రికాలో గెలుపు ప్రకటిస్తుంది. బయట వీధుల్లో జనం కేకలు. అతను కుర్చీలోంచి కదలడు, కానీ మనసులో ఆ గుంపుతో కలిసి పరుగెత్తుతూ, చెవులు చిల్లులు పడేలా జేజేలు కొడుతుంటాడు. గుంపుకి దూరంగా ఉండే ఆ మనిషి! స్క్వేర్‌లో వేలమంది మధ్య ఉన్నప్పుడు అతని లోపల ఒక మనిషి వేరుగా నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ఒంటరిగా ఉన్నా లోపల గుంపే. అందుకే పార్టీకి అసలు పని చౌక్‌లో కాదు, ఓ’బ్రయన్ గదిలో జరిగిందనిపిస్తోంది. రాయి గారి వాదనలో నేను ఒప్పుకునే భాగం ఇది.

రాయలసీమ_రాయి

మీరు చెప్పిన పిలిచిన గుంపు, పిలవని గుంపు తేడా నేనూ ఒప్పుకుంటాను. ఎర అనే మాటను మాత్రం వదలను.

మలుపు_దగ్గర

థేమ్స్ గారూ, వచ్చే ఏడాది మా అక్క వాళ్ళింటికి లండన్ వస్తున్నాను. ఆ ట్రక్కుల సన్నివేశం సరిగ్గా ఎక్కడ జరిగినట్టు? ఎక్కడ నిలబడి చూడాలి?

థేమ్స్_ఒడ్డున

జనం కిక్కిరిసింది స్క్వేర్ దక్షిణం వైపు అని నవలలోనే ఉంది. చేరింగ్ క్రాస్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. సింహాలను వెనక పెట్టుకుని దక్షిణం అంచుకు రండి. ఎదురుగా రోడ్డు మధ్యలో చార్లెస్ విగ్రహం కనిపిస్తుంది, దాని వెనక వైట్‌హాల్. లండన్ నుంచి దూరాలు కొలిచేది ఆ విగ్రహం దగ్గరి నుంచే, కింద ఫలకం కూడా ఉంది. అక్కడ నిలబడి వెనక్కి తిరిగితే స్తంభం, ఎడమకు తిరిగితే స్ట్రాండ్ వైపు నుంచి వచ్చే బస్సులు. చర్చి లోపలికి వెళ్ళడానికి టికెట్ లేదు, కొన్ని మధ్యాహ్నాలు సంగీత కచేరీ కూడా ఉంటుంది. శని, ఆదివారాల్లో రండి. ఏదో ఒక దేశం గురించి ఎవరో ఒకరు ప్లకార్డులు పట్టుకుని ఉండే అవకాశం ఎక్కువ. వాళ్ళతో కాసేపు మాట్లాడండి.